వీఎంలో నాస్: ముందు డిస్కుల పెత్తనం ఎవరిదో తేల్చుకోండి, ఆ తర్వాతే ఓఎస్

ట్రూనాస్ మంచిదా, ఓపెన్‌మీడియావాల్ట్ మంచిదా, డబ్బు కట్టి అన్‌రెయిడ్ తీసుకోవచ్చా? ఇంట్లో ఫైల్ సర్వర్ పెట్టుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఇదే. ఇవన్నీ నాస్ ఓఎస్‌లు, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచి పంచే సర్వర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. నాస్ ఓఎస్‌ని నేరుగా మెషీన్ మీద ఎక్కించేవాళ్లు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. ప్రాక్స్‌మాక్స్ లాంటి హైపర్‌వైజర్ (ఒకే మెషీన్ మీద అనేక వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, దాని మీద నాస్‌ని ఒక వీఎంగా, అంటే వర్చువల్ మెషీన్‌గా, నడపాలనుకునేవాళ్లు మాత్రం ముందు డిస్కుల సంగతి చూడాలి. అవి హోస్ట్ (కింద ఉండే అసలు మెషీన్) చేతిలో ఉండాలా, వీఎం చేతిలో ఉండాలా? ఇది తేలితే ఏ ఓఎస్ అన్నది సగం తేలినట్టే. ఇది తేల్చుకోకుండా ఓఎస్ ఎక్కించి డేటా అంతా కాపీ చేసేస్తే, డిస్క్ పాడవడం మొదలైన రోజున ఆ సంగతి హోస్ట్‌కి మాత్రమే కనిపిస్తుంది. పూల్‌ని, అంటే ఒకటిగా కలిపిన డిస్కుల గుంపుని, నడిపే వీఎంకి కబురే అందదు.

అసలు వీఎంలో నడపడం అవసరమా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. ఆ మెషీన్ చేసే పని ఫైళ్లు దాచడం, పంచడం, రెండు మూడు డాకర్ కంటైనర్లు (యాప్‌లను విడివిడిగా నడిపే తేలికైన పెట్టెలు) నడపడం వరకే అయితే మధ్యలో హైపర్‌వైజర్ అక్కర్లేదు. ట్రూనాస్, అన్‌రెయిడ్ రెండింట్లోనూ కంటైనర్లు, వీఎంలు లోపలే నడుస్తాయి. హోమ్ అసిస్టెంట్‌కి ఒక వీఎం, ఫైర్‌వాల్‌కి ఇంకొకటి, ప్రయోగాలకు నాలుగు, వాటన్నిటితో పాటు నాస్ కూడా ఒకే పెట్టెలో ఉండాలనుకుంటే అప్పుడు హైపర్‌వైజర్ కింద ఉండి, నాస్ పైన ఉండటంలో అర్థం ఉంది. దీంతో వచ్చే ఒక లాభం చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒకే హోస్ట్ మీది వీఎంలు వర్చువల్ బ్రిడ్జ్ ద్వారా మాట్లాడుకుంటాయి కాబట్టి, ఇంట్లో ఉన్నది 1 గిగాబిట్ స్విచ్ అయినా మీడియా సర్వర్ వీఎంకీ నాస్ వీఎంకీ మధ్య ఆ పరిమితి ఉండదు.

డిస్కులు వీఎంకి చేరే మూడు దారులు

మొదటిది, డిస్కులు తగిలించిన కంట్రోలర్‌నే మొత్తంగా వీఎంకి అప్పగించడం. దీన్నే పీసీఐ పాస్‌త్రూ అంటారు. దీనికి ప్రాసెసర్‌లోనూ మదర్‌బోర్డులోనూ ఐఓఎంఎంయూ (ఒక పరికరాన్ని ఒక వీఎంకే అప్పగించనిచ్చే హార్డ్‌వేర్ సదుపాయం) ఉండాలి. ఇంటెల్‌లో దాని పేరు వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-వీఐ. బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. తర్వాత కంట్రోలర్ ఏ ఐఓఎంఎంయూ గ్రూపులో ఉందో చూసుకోవాలి. అదే గ్రూపులో నెట్‌వర్క్ కార్డో, యూఎస్‌బీ కంట్రోలరో కూడా ఉంటే ఒక్కదాన్ని విడదీసి ఇవ్వడం కుదరదు, గ్రూపంతా కలిసే వెళ్తుంది. స్లాట్ మార్చి చూస్తే ఒక్కోసారి ఈ చిక్కు విడిపోతుంది.

కంట్రోలర్ అనగానే అందరూ చెప్పేది ఎల్‌ఎస్‌ఐ హెచ్‌బీఏ కార్డుల (డిస్కులు తగిలించుకునే అదనపు కార్డుల) గురించి. 9211-8ఐ, 9207-8ఐ, 9300-8ఐ, వీటిలో ఏదైనా సరే, ఐటీ మోడ్ (డిస్కులను ఉన్నవి ఉన్నట్టే చూపించే) ఫర్మ్‌వేర్‌తో ఉండాలి. రెయిడ్ ఫర్మ్‌వేర్‌తో ఉన్న కార్డు డిస్కులను తన వెనక దాచేసి, ఒక కల్పిత డిస్క్‌ని ముందుకు తోస్తుంది. డిస్కులను తానే నేరుగా నడిపే ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌కి అది పనికిరాదు. ఇంకో మాట, ఈ కార్డులు సర్వర్ కేసుల్లో వీచే గాలిని నమ్ముకుని తయారైనవి. మామూలు డెస్క్‌టాప్ కేసులో హీట్‌సింక్ మీదకు చిన్న ఫ్యాన్ ఒకటి తిప్పకపోతే బాగా వేడెక్కుతాయి.

అయితే హెచ్‌బీఏ కొనే ముందు మదర్‌బోర్డు మీదున్న సాటా పోర్టులనే చూడండి. హోస్ట్ ఓఎస్‌ని ఎన్‌విఎంఈ డ్రైవ్ మీద పెట్టుకుంటే, బోర్డులోని సాటా కంట్రోలర్ హోస్ట్‌కి ఇక అక్కర్లేదు. అది వేరే గ్రూపులో ఉంటే దాన్నే వీఎంకి ఇచ్చేయొచ్చు. నాలుగు డిస్కుల ఇంటి సర్వర్‌కి ఇది చాలు, అదనపు కరెంటు ఖర్చూ లేదు, కార్డు వేడెక్కుతుందన్న టెన్షనూ లేదు.

రెండోది, కంట్రోలర్ హోస్ట్ దగ్గరే ఉండి, ఒక్కో డిస్క్‌ని విడిగా వీఎంకి తగిలించడం. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక చిన్న కమాండ్‌తో అయిపోతుంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో కాకుండా డిస్క్ ఐడీతోనే తగిలించండి, ఎందుకంటే రీబూట్ అయ్యాక ఆ పేర్లు అటూ ఇటూ మారొచ్చు. ఈ దారిలో వీఎంకి కనిపించేది క్యూఎంయూ (ప్రాక్స్‌మాక్స్ వీఎంలను నడిపే ప్రోగ్రాం) తయారుచేసిన ఒక డిస్క్. అసలు డిస్క్ స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి చెప్పే లెక్కలు), ఉష్ణోగ్రత, చెడిపోతున్న సెక్టార్ల లెక్క, ఏదీ లోపలికి చేరదు. సీరియల్ నంబరు కూడా మీరు చేత్తో రాసి ఇస్తేనే కనిపిస్తుంది. ట్రూనాస్ డిస్కులను సీరియల్ నంబర్లతోనే గుర్తుపడుతుంది కాబట్టి, అవి లేకపోతే పూల్ చేసేటప్పుడే పేచీ పెడుతుంది.

మూడోది, హోస్ట్ మీద పూల్ చేసి, అందులోంచి ఒక వర్చువల్ డిస్క్ కోసి వీఎంకి ఇవ్వడం. డిస్కుల భారమంతా హోస్ట్‌దే. వీఎం చేసేది ఫైళ్లు పంచడం ఒక్కటే. చాలామంది దీన్ని తక్కువగా చూస్తారు గానీ, సరైన ఓఎస్‌తో జత కలిపితే ఇది చాలా కుదురైన ఏర్పాటు. జత తప్పితేనే కష్టం. హోస్ట్ జెడ్‌ఎఫ్‌ఎస్, లోపల వీఎం మళ్లీ జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే ప్రతి రాతా రెండు చోట్ల కాపీ-ఆన్-రైట్‌కి (పాత డేటా మీద కాకుండా కొత్త చోట రాసే పద్ధతికి) లోనవుతుంది. రాసేది కొంచెం, డిస్క్ మీద పడేది ఎంతో ఎక్కువ. ర్యామ్‌లో కూడా ఒకే డేటాకి రెండు కాషేలు కూర్చుంటాయి.

పాస్‌త్రూలో అసలు ప్రమాదం

పాస్‌త్రూ చేసినవాళ్లు తప్పనిసరిగా పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. మామూలుగా సెటప్ వివరాల్లో ఇది ఒక మూల ఒకే వాక్యంగా కనిపిస్తుంది, నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ప్రాక్స్‌మాక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ముందే ఉంటుంది. హోస్ట్ బూట్ అవుతున్నప్పుడు కంట్రోలర్ డ్రైవర్ లోడ్ అవుతుంది, డిస్కులు కనిపిస్తాయి, వాటి మీద పూల్ ఉన్నట్టు తెలుస్తుంది, కనిపించిన పూల్‌ని ఇంపోర్ట్ చేసుకునే (తెరిచి వాడకంలోకి తెచ్చుకునే) సర్వీసు హోస్ట్‌లోనే ఉంది. కొద్దిసేపటికి ట్రూనాస్ వీఎం మొదలై, కంట్రోలర్‌ని హోస్ట్ చేతిలోంచి లాక్కుని అదే పూల్‌ని తానూ ఇంపోర్ట్ చేసుకుంటుంది. కంట్రోలర్ మొత్తం వీఎంకి వెళ్లిపోతే హోస్ట్ చేతిలో ఉన్నట్టుండి డిస్కులు మాయమైన పూల్ మిగులుతుంది. విడివిడి డిస్కులు ఇచ్చిన పద్ధతిలో అయితే పరిస్థితి ఇంకా ఘోరం. డిస్కులు రెండువైపులా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి, రెండు ఓఎస్‌లూ ఒకే పూల్‌లో ఒకేసారి రాసేయగలవు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అలా పాడైన పూల్ మళ్లీ తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

దీనికి మందు సులువైనదే. హెచ్‌బీఏ అయితే, దాని డ్రైవర్‌కి బదులు, పరికరాన్ని వీఎం కోసం పక్కన పెట్టే వీఎఫ్‌ఐఓ డ్రైవర్ ఆ కార్డుని బూట్‌లోనే పట్టుకునేలా కార్డు ఐడీని హోస్ట్ సెట్టింగుల్లో రాసి, ఇనిట్-ర్యామ్-ఎఫ్‌ఎస్‌ని (బూట్ మొదట్లోనే లోడ్ అయ్యే చిన్న ఫైల్ ఇమేజ్‌ని) మళ్లీ తయారుచేయాలి. హోస్ట్‌లో ఇక ఆ రకం కార్డు వేరే ఏదీ లేకపోతే ఆ కార్డుల డ్రైవరైన ఎంపీటీ3ఎస్‌ఏఎస్‌ని బ్లాక్‌లిస్ట్ చేసినా (లోడ్ కాకుండా ఆపినా) సరిపోతుంది. తర్వాత వీఎం ఆపి ఉంచి హోస్ట్‌ని రీబూట్ చేయండి. హోస్ట్‌లో డిస్కుల జాబితా చూడండి. నాస్ డిస్కులు ఒక్కటి కూడా కనిపించకూడదు. కనిపించాయంటే పని ఇంకా పూర్తి కాలేదు. డేటా ఒక్క ఫైలు కూడా ఎక్కించకుండా ఆగండి.

పాస్‌త్రూకి ఇంకో వెల కూడా ఉంది. పరికరం నేరుగా వీఎం మెమరీతో మాట్లాడుతుంది కాబట్టి, ఆ వీఎంకి కేటాయించిన ర్యామ్ అంతా మొదలవగానే దానికే బిగుసుకుపోతుంది. బెలూనింగ్ (వాడని ర్యామ్‌ని హోస్ట్ వెనక్కి తీసుకోవడం) పనిచేయదు. 16 జీబీ ఇస్తే 16 జీబీ పోయినట్టే లెక్క. ఆ వీఎంని ఇంకో హోస్ట్‌కి లైవ్‌గా తరలించడమూ కుదరదు. మొత్తం ర్యామే 16 జీబీ ఉన్న మెషీన్‌లో పాస్‌త్రూతో ట్రూనాస్ నడపాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగి, మూడో దారి గురించి ఆలోచించడం మేలు.

ఇక ఓఎస్‌ల సంగతి

ట్రూనాస్ అంటే జెడ్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్కులు నా చేతికే కావాలి అనే ఫైల్‌సిస్టమ్. 2005లో ఫ్రీనాస్‌గా మొదలైంది. 2020లో పేరు ట్రూనాస్ కోర్‌గా మారింది. 2022లో డెబియన్ లినక్స్ మీద కట్టిన ట్రూనాస్ స్కేల్ వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే కోర్‌కి ఇప్పుడు కొత్త ఫీచర్లు రావడం లేదు కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్కేల్‌కి వారసుడిగా వచ్చిన కమ్యూనిటీ ఎడిషన్‌నే తీసుకోవాలి. కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది. వీఎంలో దీన్ని పెట్టాలంటే నా సలహా ఒక్కటే: కంట్రోలర్ పాస్‌త్రూ కుదిరితే పెట్టండి, కుదరకపోతే వద్దు. పాస్‌త్రూతో నడిపితే అది నేరుగా మెషీన్ మీద నడిచినంత నమ్మకంగానే ఉంటుంది. స్క్రబ్‌లు (డేటా పాడైందేమో వెతికే తనిఖీలు), స్నాప్‌షాట్‌లు, రెప్లికేషన్ (ఇంకో చోటికి నకలు పంపడం), డిస్క్ హెచ్చరికలు అన్నీ ఒకే చోట చక్కగా దొరుకుతాయి. పైగా పూల్ వివరాలు డిస్కుల మీదే ఉంటాయి కాబట్టి, రేపు హైపర్‌వైజర్ మీద మనసు విరిగితే అదే మెషీన్ మీద ట్రూనాస్ నేరుగా వేసి పూల్‌ని ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ఈ స్వేచ్ఛ వర్చువల్ డిస్క్ పద్ధతిలో ఉండదు.

ట్రూనాస్ కాన్ఫిగరేషన్ మొత్తం ఒక చిన్న ఫైలుగా దిగుతుంది. దించేటప్పుడు సీక్రెట్ సీడ్ కూడా చేర్చమంటారా అని ఒక టిక్ బాక్స్ అడుగుతుంది. దాన్ని తప్పకుండా టిక్ చేయండి. అది లేకుండా దించిన ఫైలుని కొత్త ఇన్‌స్టలేషన్‌లో ఎక్కిస్తే, లోపల ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన పాస్‌వర్డులు తిరిగి రావు. ఆ ఫైలు ఆ నాస్‌లోనే కాకుండా ఇంకెక్కడైనా ఉండాలన్నది చెప్పక్కర్లేదు.

ఓపెన్‌మీడియావాల్ట్ స్వభావం దీనికి పూర్తిగా వేరు. ఇది డెబియన్ మీద ఒక వెబ్ ఇంటర్‌ఫేస్, అంతే. 1 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది. లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మీద హాయిగా ఉంటుంది. అందుకే మూడో దారికి ఇది సరైన జత: హోస్ట్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (ఒకే డేటా రెండు డిస్కుల్లో), దాని మీద వర్చువల్ డిస్క్, లోపల ఓపెన్‌మీడియావాల్ట్ ఈఎక్స్‌టీ4తో. పాడైన డేటాని పసిగట్టి సరిచేసే పని కింద హోస్ట్ చూసుకుంటుంది, యూజర్లు, షేర్లు, అనుమతుల పని పైన వీఎం చూసుకుంటుంది. సిస్టమ్ డిస్క్ మీద షేర్లు పెట్టనివ్వదు, డేటాకి వేరే డిస్క్ కావాలంటుంది అని దీని మీద ఎప్పటి నుంచో ఒక ఫిర్యాదు ఉంది. నేరుగా మెషీన్ మీద వేసినప్పుడు అది ఇబ్బందే. వీఎంలో అయితే రెండో వర్చువల్ డిస్క్ తగిలించడానికి అర నిమిషం కూడా పట్టదు.

రకరకాల సైజుల పాత డిస్కులు ఉన్నవాళ్లు రెండో దారితో, అంటే విడివిడి డిస్కులతో, ఓపెన్‌మీడియావాల్ట్‌లో మెర్జర్‌ఎఫ్‌ఎస్ (డిస్కులన్నిటినీ ఒకటిగా చూపిస్తుంది), స్నాప్‌రెయిడ్ (పోయిన డిస్క్‌ని తిరిగి కట్టేందుకు లెక్క దాస్తుంది) ప్లగిన్లు వాడుకోవచ్చు. ప్రతి డిస్క్ మీదా మామూలు ఈఎక్స్‌టీ4 ఉంటుంది కాబట్టి, ఏ డిస్క్ పీకి ఏ లినక్స్‌కి తగిలించినా ఫైళ్లు చదువుకోవచ్చు. స్నాప్‌రెయిడ్ రక్షణ మాత్రం సింక్ నడిపినప్పటి వరకే వర్తిస్తుంది, ఆ తర్వాత చేర్చిన ఫైళ్లకు రక్షణ లేదు. సినిమాలకు, సంగీతానికి సరే. రోజూ మారే పత్రాలకు వద్దు. డిస్కుల ఆరోగ్యం చూసే పని ఇక్కడ హోస్ట్‌దే కాబట్టి, ప్రాక్స్‌మాక్స్ పంపే స్మార్ట్ హెచ్చరికలు మీ మెయిల్‌కి నిజంగా చేరుతున్నాయో లేదో ఒకసారి పరీక్షించండి.

అన్‌రెయిడ్‌కి లైసెన్స్ కొనాలి. 30 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. లైసెన్సుల్లో ఒకటి జీవితకాలానిది, మిగతావాటిలో ఏడాది తర్వాత అప్‌డేట్లకు మళ్లీ కట్టాలి. దీని అరేలో (డిస్కుల గుంపులో) ప్రతి డిస్క్‌కీ సొంత ఫైల్‌సిస్టమ్ ఉంటుంది, ప్యారిటీ (పోయిన డిస్క్‌ని తిరిగి కట్టే లెక్క) వేరే డిస్క్‌లో ఉంటుంది. సైజులు వేరైనా పర్వాలేదు, ప్యారిటీ డిస్క్ మాత్రం ఏ డేటా డిస్క్ కంటే కూడా చిన్నది కాకూడదు. ప్యారిటీ తట్టుకోలేనన్ని డిస్కులు పోయినా, మిగిలిన వాటిలోని ఫైళ్లు అలాగే చదవొచ్చు. ఇంటి వాడకానికి ఇది మంచి ఊరట. కానీ వీఎంలో దీన్ని నడపమని నేను ఎవరికీ చెప్పను. అన్‌రెయిడ్ యూఎస్‌బీ స్టిక్ మీంచి బూట్ అయ్యేలా కట్టిన ఓఎస్, లైసెన్స్ కూడా సంప్రదాయంగా ఆ స్టిక్ ఐడీకే ముడిపడి ఉంటుంది. వీఎంకి ఆ స్టిక్‌నీ పాస్‌త్రూ చేయాలి, కంట్రోలర్‌నీ పాస్‌త్రూ చేయాలి. ఇంత చేసి దక్కేది ఏమిటని చూస్తే, వీఎంలూ డాకరూ అన్‌రెయిడ్ తనంతట తానే బాగా నడుపుతుంది. అన్‌రెయిడ్ నచ్చినవాళ్లు దాన్నే కింద వేసి, మిగతా వీఎంలను దాని పైన పెట్టుకోవడం సరైన పని.

నాస్ పెట్టెలు అమ్మే సైనాలజీ కంపెనీ ఓఎస్ డీఎస్‌ఎంని మామూలు వీఎంలో నడిపించే అనధికార లోడర్లు ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ చూసి ముచ్చటపడటానికి సరే గానీ, సొంత డేటా పెట్టకండి. ఆ ఓఎస్ లైసెన్స్ ఆ కంపెనీ పరికరాలకే పరిమితం, ఒక అప్‌డేట్ తర్వాత వీఎం బూట్ కాకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. వర్చువల్ డీఎస్‌ఎం అనే అధికారిక రూపం ఉంది, కాకపోతే అది సైనాలజీ పెట్టెల్లోని వర్చువల్ మెషీన్ మేనేజర్‌లోనే నడుస్తుంది. జిగ్మానాస్ పాత ఫ్రీనాస్ శాఖ, ఫ్రీబీఎస్‌డీ అలవాటున్నవాళ్లకు తప్ప కొత్తవాళ్లకు చెప్పను.

నాస్ వీఎం లేకుండానే

ప్రాక్స్‌మాక్స్ వేసుకున్నవాళ్లలో చాలామందికి నిజానికి నాస్ ఓఎస్ అవసరమే లేదు. హోస్ట్‌లోనే జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్, దాంట్లోని డైరెక్టరీలను బైండ్ మౌంట్‌గా (ఉన్నచోటే ఉంచి లోపల కనిపించేలా) అందుకునే ఒక తేలికైన ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్, అందులో నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా. అయిపోయింది. డిస్కులకు ఒకడే యజమాని, ర్యామ్ ఎక్కడా బిగుసుకోదు, మీడియా సర్వర్ కంటైనర్‌కీ అదే డైరెక్టరీ నేరుగా ఇవ్వొచ్చు, మధ్యలో నెట్‌వర్క్ షేర్ అక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.4తో వర్టియోఎఫ్‌ఎస్ కూడా ఇంటర్‌ఫేస్‌లోకి చేరింది కాబట్టి, హోస్ట్ డైరెక్టరీలను వీఎంలకు ఇవ్వడమూ తేలికైంది. దీనిలో కష్టమంతా అనుమతుల దగ్గరే. అన్‌ప్రివిలేజ్డ్ (హోస్ట్ మీద పూర్తి అధికారం లేని) కంటైనర్‌లో యూజర్ ఐడీలు మామూలుగా 100000 జరిగి కనిపిస్తాయి. లోపల 1000 అయిన యూజర్ హోస్ట్‌లో 101000 అవుతాడు. డైరెక్టరీ యజమానిని హోస్ట్‌లో 101000కి మారిస్తే లోపల రాయగలుగుతాడు. ఈ లెక్క అర్థమైనవాళ్లకు ఇదే అన్నిటికంటే మంచి దారి. టెర్మినల్ అంటే ఇష్టం లేనివాళ్లు, ఇంట్లో ఇంకొకరు కూడా చూసుకోవాల్సి వచ్చేవాళ్లు వెబ్ ఇంటర్‌ఫేస్ ఉన్న ఓఎస్‌కే వెళ్లండి.

హైపర్‌వైజర్ విషయంలో ఎక్కువ చర్చ అనవసరం. ఇంటికి ప్రాక్స్‌మాక్స్ చాలు. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ కూడా పాస్‌త్రూ చేస్తుంది, జెన్ (దాని కింద నడిచే హైపర్‌వైజర్) అలవాటున్నవాళ్లకు బాగుంటుంది. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ ఉచిత ఎడిషన్‌ని 2024లో ఆపేశారు, 2025లో మళ్లీ ఇచ్చారు. ఇలా ఊగిసలాడే దాని మీద ఇంటి డేటా కట్టుకోవడం నాకు ఇష్టం లేదు. విండోస్ ప్రో ఎడిషన్లలోని హైపర్-వీలో హెచ్‌బీఏ పాస్‌త్రూ లేదు, అది విండోస్ సర్వర్‌లోనే ఉంది. వర్చువల్‌బాక్స్ ఓఎస్‌లను రుచి చూడటానికి వాడండి. ఖాళీ వర్చువల్ డిస్కులు నాలుగు తగిలించి, పూల్ చేసి, ఒకటి పీకేసి మళ్లీ కట్టడం సాధన చేయడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఏది ఎంచుకున్నా

కంట్రోలర్‌ని పాస్‌త్రూ చేస్తే, దాని డిస్కుల డేటా వీఎం బ్యాకప్‌లో రాదు. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ విజయవంతం అని చూపించేది ఓఎస్ ఉన్న చిన్న డిస్క్ గురించే. టెరాబైట్ల ఫొటోలకు ట్రూనాస్ రెప్లికేషనో, ఆర్‌సింకో, ఇంకో మెషీన్ మీదకు విడిగా పెట్టాలి. ఆ బ్యాకప్‌లను నాస్ వీఎం షేర్‌లోనే దాచడం ఇంకో పొరపాటు. నాస్ వీఎం లేవకపోతే, దాన్ని లేపడానికి కావలసిన బ్యాకప్ దాని లోపలే ఉండిపోతుంది.

బూట్ క్రమం కూడా రాసి పెట్టండి. నాస్ వీఎంకి మొదటి స్థానం ఇచ్చి, తర్వాతి వీఎంలు మొదలవడానికి కొంత ఆలస్యం పెట్టండి. డిస్కులు తిరగడం మొదలై, పూల్ ఇంపోర్ట్ అయి, షేర్లు తెరుచుకోవడానికి సమయం పడుతుంది. ఈలోపు మీడియా సర్వర్ లేస్తే ఖాళీ డైరెక్టరీని చూసి లైబ్రరీ అంతా పోయిందనుకుంటుంది. ఆపేటప్పుడు క్రమం తిరగబడుతుంది, నాస్ చివర్న ఆగాలి. యూపీఎస్ ఉంటే దాని యూఎస్‌బీ తీగ హోస్ట్‌కే తగిలించి, అక్కడ నట్ సర్వీసు (యూపీఎస్‌ని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం) నడపండి. కరెంటు పోయినప్పుడు వీఎంలన్నీ ఆగి, నాస్ ఆగి, చివరికి హోస్ట్ ఆగేంత సేపు బ్యాటరీ నిలుస్తుందో లేదో ప్లగ్ పీకి చూడండి.

డేటా ఎక్కించే ముందు ఇంకో పరీక్ష కూడా చేయండి. పూల్‌లో పనికిరాని ఫైళ్లు కొన్ని వేసి, వీఎం ఆపేసి, ట్రూనాస్‌ని ఒక పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేసి మెషీన్‌ని దానితో నేరుగా బూట్ చేయండి. పూల్ ఇంపోర్ట్ అయి ఆ ఫైళ్లు తెరుచుకుంటే, హైపర్‌వైజర్ రేపు ఏమైనా మీ డేటాకి వేరే తలుపు ఉన్నట్టే. వర్చువల్ డిస్క్ పద్ధతి వాళ్లకు ఇదే పరీక్ష ఇంకోలా ఉంటుంది. హోస్ట్ పూల్‌ని ఇంకో ప్రాక్స్‌మాక్స్‌లో ఇంపోర్ట్ చేసి, బ్యాకప్‌లోంచి ఆ వీఎంని లేపి చూడాలి. బయటకు తీసుకెళ్లేటప్పుడు పూల్‌ని ఎక్స్‌పోర్ట్ చేయండి (సక్రమంగా మూసి వదిలేయండి), వెనక్కి తెచ్చేటప్పుడు కూడా ఎక్స్‌పోర్ట్ చేసే తీసుకురండి.